గదుల్లో ఇంటరాక్టివ్ టీవీ, గెస్టుల మధ్య సోషల్ ఫీచర్లు: ఏది పెట్టాలి, ఏది వదిలేయాలి?

నైట్‌ఆడిట్ · సోమవారం రాత్రి 11:40

హోటల్ ఐటీ చూసేవాళ్లూ, ఎప్పుడూ ప్రయాణాల్లోనే ఉండేవాళ్లూ ఇద్దరూ ఈ వేదికలో ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను. మా హోటల్లో గదుల టీవీలన్నీ మార్చబోతున్నాం. ఇప్పుడున్నవి మామూలు ఇంటి టీవీలు, కోయాక్స్ కేబుల్ మీద ఛానళ్లు వస్తాయి, అంతే.

కొత్త వెండర్ వచ్చి గంటసేపు ప్రెజెంటేషన్ ఇచ్చాడు. టీవీ మీద గెస్ట్ పేరుతో స్వాగతం, ఫోన్ నుంచి క్యాస్టింగ్, రిమోట్‌తోనే రూమ్ సర్వీస్ ఆర్డర్, బిల్లు చూసుకోవడం, ఎక్స్‌ప్రెస్ చెక్‌ఔట్. ఇక్కడిదాకా సరే. చివర్లో 'గెస్ట్ కమ్యూనిటీ' అని ఇంకోటి తీశాడు. ఆ రోజు హోటల్లో దిగినవాళ్లు ప్రొఫైల్ పెట్టుకుంటే టీవీలోనో యాప్‌లోనో ఒకరికొకరు కనిపిస్తారట, చాట్ చేసుకోవచ్చట, వాళ్లు పెట్టిన ఫొటోలు లాబీలోని పెద్ద స్క్రీన్ మీద తిరుగుతాయట. మా జీఎం (జనరల్ మేనేజర్) గారికి అది తెగ నచ్చింది. నాకేమో ఎక్కడో తేడా కొడుతోంది, కానీ 'వద్దు' అనడానికి సరైన కారణం చెప్పలేకపోతున్నాను. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

సూట్‌కేస్‌జీవి · సోమవారం రాత్రి 11:58

నెలలో సగం రోజులు హోటళ్లలోనే గడుస్తాయి. గెస్ట్‌గా నా గోడు వినండి. అర్ధరాత్రి కీ కార్డు పెట్టి తలుపు తీస్తానా, చీకటి గదిలో టీవీ తనంతట తనే వెలిగి ఉంటుంది. ఫుల్ బ్రైట్‌నెస్, వెనక ఏదో సంగీతం, నా ఇంటిపేరు తప్పు స్పెల్లింగుతో పెద్ద అక్షరాల్లో. షూ విప్పకముందే రిమోట్ వెతుక్కుని దాని నోరు మూయించడం నా మొదటి పని. ఈ స్వాగతం ఎవరికి కావాలండీ?

నాకు కావాల్సింది ఒక్కటే. ఇంట్లో సగం చూసి ఆపిన సిరీస్‌ని ఫోన్‌లోంచి ఆ టీవీ మీదకు పంపగలగాలి. అది కుదరకపోతే కనీసం హెచ్‌డీఎంఐ పోర్టు చేతికి అందాలి. గోడకు అతికించి పోర్టులన్నీ వెనక దాచేసిన హోటళ్లను ఏమనాలో తెలియడం లేదు. ఇక పక్కగది వాళ్లతో చాటింగా? తలుపు గడియ పెట్టుకునేదే ఎవరితోనూ మాట్లాడకూడదని.

కేబుల్‌కుస్తీ · మంగళవారం ఉదయం 7:15

సూట్‌కేస్‌జీవి గారన్నది నిజం. క్యాస్టింగ్ ఒక్కటి సరిగ్గా పనిచేస్తే సగం ఫిర్యాదులు పోతాయి. కానీ హోటల్లో అది సరిగ్గా పనిచేయించడమే అసలు కష్టం. ఎందుకో చెప్తాను, వెండర్‌ని అడగడానికి పనికొస్తుంది.

గూగుల్ క్యాస్టింగ్ డాంగిల్ (టీవీకి గుచ్చే చిన్న పరికరం) క్రోమ్‌క్యాస్ట్ 2013లో వచ్చింది, ఇంటి కోసం తయారుచేశారు. ఫోన్, టీవీ ఒకే నెట్‌వర్క్‌లో ఉంటాయి, 'ఇక్కడ క్యాస్ట్ చేసుకోగల పరికరాలేమున్నాయి' అని ఫోన్ మల్టీక్యాస్ట్‌లో, అంటే నెట్‌వర్క్‌లో అందరికీ వినపడేలా, కేకేస్తుంది, టీవీ 'నేనున్నాను' అంటుంది. హోటల్ వైఫైలో భద్రత కోసం క్లయింట్ ఐసొలేషన్ పెడతాం. అంటే ఒక గెస్ట్ పరికరం ఇంకో పరికరాన్ని చూడలేదు. దాంతో ఫోన్ కేక టీవీకి వినపడదు. సరే అని ఐసొలేషన్ తీసేస్తే కేక అందరికీ వినపడుతుంది. ఫోన్‌లో లిస్టు తెరిస్తే ఫ్లోరంతటి టీవీలూ వరసగా కనిపిస్తాయి. మీ గదిలోంచి నొక్కిన వీడియో పక్కవాళ్ల పిల్లల ముందు ప్లే అవుతుంది. నవ్వులాట కాదు, డాంగిళ్లు కొని టీవీలకు గుచ్చేసి చేతులు దులుపుకున్న చోట్ల జరిగేదిదే.

దీనికి మందు క్యాస్టింగ్ గేట్‌వే. టీవీ మీద క్యూఆర్ కోడ్ వస్తుంది, గెస్ట్ స్కాన్ చేస్తాడు, ఆ ఫోన్‌కీ ఆ గది టీవీకీ మాత్రమే గేట్‌వే ముడి వేస్తుంది. చెక్‌ఔట్ కాగానే ముడి తెగిపోవాలి. 2024లో ఐహెచ్‌జీ హోటళ్లలో ఎల్‌జీ టీవీల మీద ఆపిల్ తెచ్చిన ఎయిర్‌ప్లే (ఐఫోన్ క్యాస్టింగ్) కూడా క్యూఆర్ కోడ్ పద్ధతే.

వెండర్‌ని అడగాల్సిన ముఖ్యమైన ప్రశ్న: ముడి దేన్ని బట్టి వేస్తున్నారు? ఫోన్ మ్యాక్ అడ్రస్‌ని (నెట్‌వర్క్‌లో పరికరాన్ని గుర్తుపట్టే నంబరు) బట్టి అయితే జాగ్రత్త. ఆండ్రాయిడ్ 10 నుంచి, ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు అసలు మ్యాక్ అడ్రస్ చూపించవు, ఒక్కో నెట్‌వర్క్‌కి ఒక్కో దొంగ అడ్రస్ ఇస్తాయి. అది మధ్యలో మారితే గెస్ట్ సినిమా క్లైమాక్స్‌లో కనెక్షన్ తెగుతుంది, ఫోన్ మీ రిసెప్షన్‌కి వస్తుంది.

నైట్‌ఆడిట్ · మంగళవారం ఉదయం 9:02

ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు, థాంక్స్ అండీ. మరి డాంగిల్ మంచిదా, టీవీలోనే క్యాస్టింగ్ ఉన్న మోడల్ మంచిదా?

కేబుల్‌కుస్తీ · మంగళవారం ఉదయం 9:30

టీవీలోనే ఉంటే మేలు. డాంగిల్‌కి వేరే పవర్, వేరే హెచ్‌డీఎంఐ, పైగా గెస్టులు పీకేసి తమ లాప్‌టాప్ పెట్టుకుని మళ్లీ తగిలించరు. కొందరైతే బ్యాగులో వేసుకుపోతారు కూడా. ఇంకో గొడవ ఉంది. 2025 మార్చిలో రెండో తరం క్రోమ్‌క్యాస్ట్‌లు ప్రపంచమంతా ఒకేసారి మూగబోయాయి గుర్తుందా? లోపల ఉన్న సర్టిఫికెట్ గడువు తీరిపోయింది. ఫ్యాక్టరీ రీసెట్ చేయొద్దని గూగుల్ చెప్పేలోపే చాలామంది చేసేశారు. ఇంట్లో ఒకటి పోతే విసుగు, హోటల్లో అన్ని గదులూ ఒకే రాత్రి పోతే టెన్షన్. పాత డాంగిళ్లు చవగ్గా ఇస్తానంటే మాత్రం వద్దనండి.

ఇంటి టీవీలు మళ్లీ కొనకండి. హోటల్ మోడళ్లు వేరేగా ఉంటాయి: ఎల్‌జీ ప్రో:సెంట్రిక్, శామ్‌సంగ్ లింక్ లాంటి ప్లాట్‌ఫామ్‌లు వాటి మీదే నడుస్తాయి. సెట్టింగులు ఒక టీవీలో చేసి మిగతావాటికి కాపీ చేయొచ్చు, వాల్యూమ్‌కి పైహద్దు పెట్టొచ్చు, పీఎంఎస్‌తో (చెక్ఇన్, గదులు, బిల్లులు చూసే హోటల్ సాఫ్ట్‌వేర్) మాట్లాడించొచ్చు. ఇంటి టీవీలో చెక్‌ఔట్ అనే మాటే తెలియదు. ఎవరో లాగిన్ చేసిన యూట్యూబ్ అకౌంట్ అలాగే ఉండిపోతుంది, తరువాత దిగినవాడు ఆ మనిషి ఏమేం వెతికాడో తీరిగ్గా చదువుకుంటాడు.

సూట్‌కేస్‌జీవి · మంగళవారం ఉదయం 9:41

చదువుకున్నాను కూడా. ఎవరో పాపం నడుంనొప్పికి వ్యాయామాలు తెగ చూశారు.

ఇంటర్‌ఫేస్‌మేస్త్రి · మంగళవారం మధ్యాహ్నం 1:20

నా పని పీఎంఎస్‌నీ మిగతా సిస్టమ్‌లనీ కలపడం. టీవీ సంగతి తేలేది తెర మీద కాదు, వెనకాల ఈ ఇంటర్‌ఫేస్‌లో. ఇప్పటికీ చాలా చోట్ల నడిచేది ఫిడేలియో అనే పాత హోటల్ సాఫ్ట్‌వేర్ కాలం నాటి ఎఫ్ఐఏఎస్ పద్ధతే. గెస్ట్ చెక్ఇన్ అయితే 'జీఐ' అనే రికార్డు వస్తుంది, అందులో గది నంబరు, పేరు, భాష కోడ్. వివరాలు మారినా గది మారినా 'జీసీ'. వెళ్లిపోతే 'జీవో'. మధ్యలో నిలువు గీతలు పెట్టిన ఒక చిన్న వరస, అంతే. మీ వెండర్ చూపించిన హంగంతా ఆ వరస మీద ఆధారపడి ఉంటుంది.

ఇప్పుడు ఇబ్బంది ఎక్కడంటే, చెక్‌ఔట్ జరిగిన నిమిషంలో ఇంటర్‌ఫేస్ పడిపోయి ఉంటే ఆ 'జీవో' టీవీ సర్వర్‌కి చేరదు. టీవీ దృష్టిలో పాత మనిషి ఇంకా గదిలోనే ఉన్నాడు. అతని పేరు, అతని మెసేజీలు, కొన్ని చోట్ల అతని బిల్లు కూడా కొత్తగా దిగినవాళ్లకు కనిపిస్తాయి. లింక్ తిరిగి లేచాక రెండువైపులా డేటాబేస్ సరిచూసుకునే రీసింక్ ఉంటుంది, అది ఆటోమేటిక్‌గా జరుగుతోందో లేదో అడగండి. చాలా చోట్ల ఎవరో గుర్తుపెట్టుకుని బటన్ నొక్కాలి. ఎవరూ నొక్కరు.

గది మార్పు ఇంకో తలనొప్పి. ఏసీ పనిచేయడం లేదని గెస్ట్‌ని పై ఫ్లోర్‌కి మారుస్తారు. ఫోన్‌కీ పాత గది టీవీకీ వేసిన ముడి తెగిందా, కొత్త గదికి పడిందా? డెమోలో ఇది ఎవరూ చూపించరు.

మీ పేరే నైట్ ఆడిట్ కాబట్టి కొత్తగా చెప్పక్కర్లేదు: రాత్రి ఆ రోజు లెక్కలు ముగించే ఆడిట్ నడిచేటప్పుడు పోస్టింగులు (ఖర్చులు గెస్ట్ బిల్లులోకి ఎక్కించడం) ఆగిపోతాయి. ఆ టైములో ఎవరైనా టీవీలో ఏదైనా ఆర్డర్ చేస్తే ఆ బిల్లు క్యూలో నిలబడుతుందా, గాల్లో కలిసిపోతుందా, కనుక్కోండి.

పక్కగది · మంగళవారం సాయంత్రం 5:10

అందరూ సోషల్ అనగానే మొహం చిట్లిస్తున్నారు, కాస్త అవతలి పక్షం కూడా వినండి. నేను హాస్టళ్లలో, సదస్సులు జరిగే హోటళ్లలో ఎక్కువగా దిగుతాను. వెయ్యిమంది ఒకే సదస్సుకి వచ్చి, ఒకే హోటల్లో పడుకుని, ఒకరినొకరు చూసుకోకుండా పోతారు. 'సాయంత్రం నడకకి ఎవరైనా వస్తారా' అని ఒక మాట పెట్టే చోటు ఉంటే తప్పేంటి?

చేసి చూపించినవాళ్లూ ఉన్నారు. 2013లో స్పెయిన్‌లోని మయోర్కా దీవిలో మెలియా గ్రూపు సోల్ వేవ్ హౌస్ అనే హోటల్‌ని పూర్తిగా ట్విటర్ థీమ్‌తో తెరిచింది. హోటల్ వైఫైలో ఉన్నవాళ్లకి మాత్రమే తెరుచుకునే ఒక సోషల్ పేజీ, గెస్టుల ట్వీట్లకు జవాబిచ్చే సిబ్బంది. బీచ్ దగ్గర పార్టీలకి వచ్చే కుర్రకారు అది. అక్కడికి అది సరిపోయింది.

గడియపెట్టాక · మంగళవారం సాయంత్రం 6:25

పక్కగది గారూ, మీకు నడకకి తోడు కావాలేమో. నేను ఒంటరిగా ప్రయాణించే ఆడదాన్ని, నాకు ఆ లిస్టులో కనిపించడమే భయం.

చిన్న విషయం గమనించారా? పని తెలిసిన రిసెప్షనిస్ట్ గది నంబరు పైకి చదవదు. కీ కార్డు కవరు మీద రాసి, వేలితో చూపించి మన వైపు జరుపుతుంది. వెనక నిలబడినవాడికి వినపడకూడదని. ఇన్నేళ్లుగా పాటిస్తున్న ఆ జాగ్రత్తని ఒక యాప్ వచ్చి 'ఈ రాత్రి ఈ హోటల్లో ఉన్నవాళ్లు వీళ్లు' అని ఫొటోతో సహా ఊదేస్తుందా?

పక్కగది · మంగళవారం సాయంత్రం 6:40

ఇష్టమున్నవాళ్లే చేరతారు కదండీ. గది నంబరు ఉండదు, అసలు పేరు అక్కర్లేదు.

గడియపెట్టాక · మంగళవారం సాయంత్రం 6:58

పెద్ద సదస్సు హోటల్లో అయితే మీ మాట కొంత ఒప్పుకుంటా, ఆ గుంపులో ఎవరు ఎవరో తెలియదు. నైట్‌ఆడిట్ గారిది అంత పెద్దది కాదనుకుంటా. పొద్దున టిఫిన్ దగ్గర పదిమంది కూర్చుంటే అందులో మారుపేరు ఎవరిదో కనిపెట్టడం ఎంతసేపు? పైగా 'ఇష్టం' అనేది చెక్ఇన్ ఫారం మీద పదో లైన్లో ముందే టిక్ పెట్టి ఉంటుంది. ప్రయాణంలో అలసిపోయి పెన్ను పట్టుకున్నవాళ్లు అది చదవరు.

బ్లాక్ చేసే బటన్ ఉంది అంటారేమో. ఫోన్‌లో బ్లాక్ చేసినవాడు లిఫ్ట్‌లో ఎదురుపడితే ఏ బటన్ నొక్కాలి?

పక్కగది · మంగళవారం రాత్రి 8:15

లిఫ్ట్ మాటకి నా దగ్గర జవాబు లేదు. సదస్సుల విషయంలో మాత్రం నా అభిప్రాయం అదే.

తాళంకప్ప · మంగళవారం రాత్రి 10:30

భద్రత వైపు నుంచి కొంచెం చరిత్ర. 2005లో ఆడమ్ లారీ అనే బ్రిటిష్ నిపుణుడు హోటల్ గదిలో కూర్చుని లాప్‌టాప్, ఇన్‌ఫ్రారెడ్, ఒక టీవీ ట్యూనర్‌తో ఇతర గెస్టుల బిల్లులు చూడొచ్చని నిరూపించాడు. కారణం వింటే నవ్వొస్తుంది. ఏం చూపించాలి, ఏం దాచాలి అన్న నిర్ణయం సర్వర్‌ది కాదు, గదిలోని టీవీది. టీవీని మాయ చేస్తే చాలు, సిస్టమంతా నమ్మేసేది.

2014లో హెసూస్ మోలినా అనే పరిశోధకుడు చైనాలోని షెన్‌జెన్‌లో ఒక లగ్జరీ హోటల్లో దిగాడు. గదిలో ఇచ్చిన ఐప్యాడ్ గెస్ట్ వైఫైలోనే ఉంది, లైట్లకీ టీవీకీ అది పంపే ఆదేశాలకి తాళం లేదు. 200కు పైగా గదుల్లో లైట్లు, టీవీలు, కర్టెన్లు తన చేతిలోకి తెచ్చుకోవచ్చని తేల్చాడు. 2019లో జపాన్‌లోని హెన్ నా హోటల్లో మంచం పక్కన పెట్టిన చిన్న రోబోలో లోపం బయటపడింది. ఎవరైనా ముందుగా దాన్ని మార్చిపెట్టి పోతే తరువాతి గెస్ట్‌ని దూరం నుంచి కెమెరాలో చూడొచ్చు. యాజమాన్యం క్షమాపణ చెప్పుకుంది.

మూడింటిలోనూ తప్పు ఒకటే. గదిలో ఉన్న పరికరం మాట నిజమని నమ్మడం. గదిలో గెస్ట్ రాత్రంతా ఒంటరిగా, తీరిగ్గా ఉంటాడు, వాడు ఆ పెట్టెని ఏం చేశాడో మీకు తెలియదు. కాబట్టి టీవీల నెట్‌వర్క్ వేరు, గెస్ట్ వైఫై వేరు, పీఎంఎస్ వేరు. ఇక మైకు, కెమెరా ఉన్న టీవీ పడకగదిలో పెట్టొద్దు. ఆఫ్ చేశామని మీరు చెప్పినా గెస్ట్ నమ్మడు, నమ్మాల్సిన పనీ లేదు.

సూట్‌కేస్‌జీవి · మంగళవారం రాత్రి 10:44

ఆ హెన్ నా వాళ్ల ఇంకో హోటల్లో ఒక బొమ్మ కూడా ఉండేది కదా, గురకని మాట అనుకుని నిద్రపోతున్నవాళ్లని లేపి 'మీరన్నది అర్థం కాలేదు' అనేదట. అక్కడ రోబోలు సగానికి పైగా తీసేశారు. మా ఆవిడకి చెప్తే, 'నేను ఇన్నేళ్లుగా చేస్తున్న పని అదే, నన్నెవరూ తీసేయలేదు' అంది.

డెస్క్‌మనిషి · బుధవారం ఉదయం 6:05

షిఫ్ట్ దిగుతూ రాస్తున్నా. ఫ్రంట్ డెస్క్ దగ్గర నిలబడేవాళ్ల మాట ఇక్కడ ఎవరూ చెప్పలేదు.

గెస్ట్ గెస్ట్‌తో మాట్లాడటం ఏమో గానీ, గెస్ట్ మాతో మాట్లాడటం మాత్రం బ్రహ్మాండంగా పనిచేస్తుంది. మామూలు మెసేజ్. 'ఇంకో దిండు కావాలి', 'లేటుగా చెక్‌ఔట్ కుదురుతుందా'. ఫోన్ ఎత్తడానికి మొహమాటపడేవాళ్లు, భాష సరిగ్గా రానివాళ్లు హాయిగా రాస్తారు. కాకపోతే అవతల చూసే మనిషి ఉండాలి. రాత్రి రెండింటికి వచ్చిన మెసేజ్‌కి పొద్దున ఎనిమిదింటికి జవాబిస్తే ఆ సౌకర్యం లేకపోవడమే నయం.

టీవీలో రూమ్ సర్వీస్ మెనూ చూస్తారు, ఆర్డర్ మాత్రం ఫోన్ చేసి ఇస్తారు. రిమోట్ బాణాలతో 'ఉప్పు తక్కువ వేయండి' అని టైప్ చేయడం ఎవరి తరమూ కాదు. బిల్లు చూసుకోవడం మాత్రం చెక్‌ఔట్ రోజు పొద్దున తెగ వాడతారు, మా దగ్గర క్యూ తగ్గుతుంది. ఉంచండి.

హోటల్ వేరే పరికరం ఇచ్చి దాన్నే వాడమంటే నిలబడదు. గదికో ఉచిత స్మార్ట్‌ఫోన్ పెట్టిన టింక్ ల్యాబ్స్ వాళ్ల 'హ్యాండీ' గుర్తుందిగా, చాలా దేశాలకి విస్తరించి 2019లో మూతబడింది. జేబులో సొంత ఫోన్ ఉండగా బల్ల మీద ఫోన్ ఎవరికి కావాలి?

చెవులుమొరాయించాక · బుధవారం ఉదయం 8:50

నాకు వినికిడి తక్కువ. టీవీ చూడాలంటే సబ్‌టైటిల్స్ తప్పనిసరి. హోటళ్లలో 'హోటల్ మోడ్' అని సెట్టింగుల మెనూ మొత్తం తాళం వేసేస్తారు, దాంతో సబ్‌టైటిల్స్ పెట్టుకునే దారి కూడా మూసుకుపోతుంది. వాల్యూమ్‌కి పైహద్దు వేరే. అంటే పెద్దగా పెట్టుకోలేను, చదువుకోనూ లేను, ఖరీదైన తెర మీద బొమ్మలు నోళ్లు కదిలిస్తుంటే చూస్తూ కూర్చుంటాను. రిసెప్షన్‌కి ఫోన్ చేసి చెప్పండి అంటారు. ఫోన్‌లో నాకు వినపడితే ఈ గొడవంతా ఎందుకు?

మెసేజ్ సౌకర్యం గురించి డెస్క్‌మనిషి గారన్నది నా విషయంలో అక్షరాలా నిజం. దయచేసి సబ్‌టైటిల్ బటన్‌ని రిమోట్ మీద ఉంచండి, తాళం వేసిన మెనూలో కాదు.

నైట్‌ఆడిట్ · బుధవారం ఉదయం 9:15

ఇది నా లిస్టులో అసలు లేదండీ. పైన చేర్చాను.

వేదిక నిర్వాహకులు · బుధవారం ఉదయం 10:00

'మా కంపెనీ టీవీలే బెస్ట్' అని ఒకే మెసేజ్ వరసగా పెట్టిన కొత్త సభ్యుడి పోస్టులు తీసేశాం. అమ్మకాలకు వేరే విభాగం ఉంది.

గడియపెట్టాక · బుధవారం మధ్యాహ్నం 12:30

రిమోట్ మాట వచ్చింది కాబట్టి ఒకటి. 2012లో అమెరికాలో హోటల్ గదుల మీద ఒక అధ్యయనం జరిగింది, టీవీ రిమోట్, మంచం పక్క లైటు స్విచ్ బాగా మురికిగా తేలిన వాటిలో ఉన్నాయి. కరోనా తరువాత ఫోన్‌నే రిమోట్‌గా వాడుకునే క్యూఆర్ పద్ధతి వచ్చింది, నాకది ఇష్టం. కానీ రిమోట్ తీసేయకండి, మా అమ్మగారు ఫోన్‌తో టీవీ పెట్టుకోలేరు. తుడవండి చాలు.

నైట్‌ఆడిట్ · బుధవారం రాత్రి 11:20

జీఎం గారితో కూర్చున్నాను. గడియపెట్టాక గారి లిఫ్ట్ మాట చెప్పగానే కాసేపు మాట్లాడలేదు. గెస్టులు ఒకరికొకరు కనిపించే భాగం తీసేయడానికి ఒప్పుకున్నారు. పక్కగది గారి సదస్సుల పాయింటు కూడా చెప్పాను. అలాంటి బృందం వచ్చినప్పుడు వాళ్ల నిర్వాహకులే సొంత గ్రూపు పెట్టుకుంటారు, మేం టీవీ మీద ఆ రోజు కార్యక్రమాల పట్టిక చూపిస్తాం, అంతవరకే. లాబీ స్క్రీన్ మాత్రం వదలనన్నారు. ఫొటోలు సిబ్బంది చూశాకే పైకి వెళ్లాలని షరతు పెట్టించాను.

స్వాగతం తెర తనంతట తను వెలగదు. టీవీ ఆన్ చేస్తేనే వస్తుంది, శబ్దం లేకుండా, పేరు లేకుండా. సూట్‌కేస్‌జీవి గారూ, మీ పుణ్యమే.

ఇక డెమోకి వచ్చినప్పుడు నేను సొంతంగా పరీక్షించాల్సినవి ఇంకేమైనా ఉన్నాయా?

ఇంటర్‌ఫేస్‌మేస్త్రి · గురువారం ఉదయం 7:40

ఒక టెస్ట్ గెస్ట్‌ని చెక్ఇన్ చేయించండి, ఫోన్ ముడి వేసి ఏదైనా ప్లే చేయండి. అది నడుస్తుండగా ఇంటర్‌ఫేస్ సర్వర్ నెట్‌వర్క్ కేబుల్ పీకండి. పీఎంఎస్‌లో అతన్ని చెక్‌ఔట్ చేసి, అదే గదికి ఇంకో పేరుతో చెక్ఇన్ చేయండి. అప్పుడు కేబుల్ తగిలించి, ఎవరూ ఏ బటనూ నొక్కకుండా టీవీ ముందు కూర్చోండి. పాత ఫోన్ ఇంకా ప్లే చేయగలుగుతోందా, బిల్లు పేజీలో ఎవరి పేరుంది, ఎంతసేపటికి మారింది. వెండర్ 'మామూలుగా ఇలా జరగదు సార్' అంటాడు. వినండి, కానీ రాసుకోండి.

కేబుల్‌కుస్తీ · గురువారం ఉదయం 8:05

ఐఫోన్ ఒకటి, ఆండ్రాయిడ్ ఒకటి, రెండూ పక్కపక్క గదుల్లోంచి ఒకేసారి పెట్టి చూడండి. వెండర్ తెచ్చిన ఫోన్లు కాదు, మీవి.

నైట్‌ఆడిట్ · గురువారం ఉదయం 8:20

ఎల్లుండి వస్తున్నాడు. కేబుల్ సంగతి ముందే చెప్పను.